ఈశాన్యానికి వాలిన పందిరి

నేను ఒక ఫ్లెక్సీని. రాజమండ్రిలో కోటిలింగం గారి షష్టిపూర్తి కోసం పుట్టాను. నా ఒంటినిండా ఆయన మొహమే. మనుషులకు మొహం మంచమంత కనిపిస్తేగాని మర్యాద జరిగినట్టుండదు. వేడుక ఒక పూటలో ముగిసింది, నన్ను చుట్టచుట్టి అటకెక్కించారు.

దించినవాడు అల్లుడు గిరిధర్. పాత వ్యానులో పరుపు వేసుకుని అడవుల్లో బస చేయడం అతని సరదా. బండి పక్కన నీడకు పందిరి కావాలి. నా అంచులు మడిచి కుట్టించి, రింగులు వేయించాడు. ఒక పక్క బండి పైకప్పుకు కట్టి, రెండో పక్క రెండు పైపులు నిలబెట్టాడు. మామగారి మీద కాకులు రెట్ట వేయకుండా ఆయన మొహాన్ని కిందివైపుకు తిప్పాడు.

ఇంత భక్తికీ కారణం ఉంది. పెళ్లయిన నాటి నుంచి అల్లుడి చేతిపనిని మామగారు ఒక్కసారీ మెచ్చలేదు. బిగించిన అలమర చూసి పెదవి విరిచారు, వేసిన రంగు చూసి నిట్టూర్చారు. ఈసారైనా బాగుందనిపించుకోవాలని గిరిధర్ ఆయన్ని మారేడుమిల్లి తీసుకెళ్లాడు.

మామగారికి వాస్తు ప్రాణం. వాననీరు ఈశాన్యానికే పోవాలంటారు. వంక పెట్టే సందివ్వకూడదని గిరిధర్ ఫోనులో దిక్కులు చూసి మరీ నన్ను ఈశాన్యానికి వాల్చాడు. వాగు ఒడ్డున బండి నిలిపిన తీరుకు, ఆ ఈశాన్యంలో ఉన్నది బండి తలుపే.

"నీళ్లు బయటికి పోతే చాలదేంటండీ?" అంది భార్య ఇందుమతి. అతను వినిపించుకోలేదు.

మామగారు తలుపు దగ్గర కూర్చుని బొంగు చికెన్ పళ్లెం ఒళ్లో పెట్టుకున్నారో లేదో, వాన అందుకుంది. నాలో నీరు నిండి పైనున్న మామగారి బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. కిందున్న మామగారు తలెత్తి అనుమానంగా చూశారు. ఇక నావల్ల కాలేదు. నీళ్లన్నీ శాస్త్రప్రకారం ఈశాన్యానికే, అంటే ఆయన నెత్తిన, కుమ్మరించేశాను.

గిరిధర్ కొయ్యబారిపోయాడు. పాపం, నాకే జాలేసింది. మామగారు మొహం తుడుచుకున్నారు, వేలితో దిక్కులు చూసుకున్నారు, బండి తలుపు వైపు కోపంగా తిరిగారు.

"పందిరి బాగుందండి అల్లుడుగారూ. తలుపే తప్పు చోట పెట్టేడు బండి చేసినోడు."

గిరిధర్ కళ్లు చెమర్చాయి. వానలో ఎవరూ గమనించలేదు.

ఆ మెప్పు పొందిన నన్ను ఇప్పుడు అంగుళం కూడా మార్చనివ్వడు. రెండో పక్క తలుపు కోయించడానికి బండిని షెడ్డుకు పంపాడు. బండిని వెనక్కి తిప్పి నిలిపితే చాలు నాయనా, అని చెప్పాలనే ఉంటుంది. ఏం లాభం, నాకున్న నోరు మామగారిది.