ఏ నీళ్ళలో పెట్టిన చెయ్యి

హాల్లో గాజుతొట్టి, అందులో రంగురంగుల చేపలు. ఇంటికొచ్చినవాళ్ళంతా "ఎంత ఓపికండీ మీకు!" అని ఆ ఇంటాయన్ని మెచ్చుకునేవాళ్ళు. ఆయన పొంగిపోయేవాడు. మోచేతిదాకా చెయ్యి పెట్టి, గులకరాళ్ళు తోమి, అద్దానికి పట్టిన పాచి గీకేది మాత్రం ఆయన భార్య. చేపలతో కాలక్షేపమే కదా, దాన్నెవరు పనంటారు?

ఆవిడకి కిడ్నీ మార్చారు. కొత్త కిడ్నీని ఒళ్ళు తరిమెయ్యకుండా మాత్రలు మింగాలి. వాటితో రోగాన్ని తట్టుకునే బలం తగ్గుతుంది. అలాంటి ఒంట్లో, వేలిమీద ఎర్రగా ఓ గడ్డ లేచింది. తగ్గలేదు సరికదా, దాని వెనకే ఇంకోటి, ఇంకోటి, ముంజేతి మీదుగా పైకి పాకాయి. "అంటుకునేదేమో, దాని కంచం వేరే పెట్టండి" అంది అత్తగారు. మొగుడు మంచం మార్చాడు. గ్లాసందిస్తే వేళ్ళు తగలకుండా అందుకునేవాడు. నొప్పి ఓర్చుకుంది గానీ, ఆ చేతిని ఎవరైనా ఒక్కసారి పట్టుకుంటే బాగుండునని ఆవిడ ప్రాణం కొట్టుకునేది. 'నొప్పిగా ఉందా' అని ఒక్కమాట. అంతే, పెద్ద కోరికేం కాదు.

ఇద్దరు డాక్టర్ల మందులు పనిచెయ్యలేదు. ఏమడిగినా మొగుడే జవాబు చెప్పేవాడు మరి. మూడోచోట డాక్టరమ్మ ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో గడ్డా తడిమి చూసింది. ఇన్నాళ్ళకి తన చేతిని ఒకరు పట్టుకున్నందుకు ఆవిడకి కళ్ళు చెమర్చాయి.

"ఇంట్లో ఏం పనులు చేస్తారమ్మా?"

"పనేముందండీ, ఊరికే కూర్చుంటుంది" అన్నాడాయన.

"మిమ్మల్ని కాదు బాబూ, నోరు ఆవిడకీ ఉంది. చెప్పండమ్మా, ఈ చెయ్యి ఏయే నీళ్ళలో పెడతారు?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట. ఆవిడ మెల్లగా మొదలెట్టింది. గిన్నెలు కడిగే నీళ్ళు, బట్టలు ఉతికే నీళ్ళు, అత్తగారి స్నానం, చేపలతొట్టి...

"ఆగండాగండి. చేపలతొట్టా?"

"పాచి గీకుతానండీ. రాళ్ళు గీరుకుంటుంటాయి."

"అదే అయ్యుంటుంది! ఆ నీళ్ళలో ఉండే క్రిమి గీతల్లోంచి లోపలికి పోతుంది. మీ ఒంటికి ఆపే బలం లేదు. వదిలేస్తే వేలే పోవచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతా, తేలితే నెలల తరబడి మందు వాడాలి. ఇలాంటిది పక్కవాళ్ళకి అంటదు, భయం లేదు. తొట్టిలో మాత్రం ఇక చెయ్యి పెట్టకండి."

అంటదట. ఆవిడ ఆశగా మొగుడి మొహంలోకి చూసింది. ఆయన గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు.

"మరి చేపల సంగతేంటండీ?" అన్నాడు.

ఆవిడ చూపు తిప్పేసుకుంది. తర్వాత, "నయమయ్యేదాకా మా అక్క దగ్గరుంటానమ్మా" అంది, మొగుడితో కాదు, డాక్టరమ్మతో.

నయమయ్యాక ఎక్కడుంటావని ఆయన అడగలేదు. ఆవిడా చెప్పలేదు.