అంబలి మహజరు

ఆ రోజు పొద్దున్న ఇంట్లో ఉన్నది అయిదుగురు. నడవలో నులకమంచం మీద నీలవేణి తండ్రి నరసింగరావు. ఎదురుగా పీట వేసుకుని, ముందురోజే గజపతినగరం నుంచి దిగిన మేనమామ భీమశంకరరావు. వంటింట్లో అంబలి కలియబెడుతూ తల్లి సూర్యకాంతం. గుమ్మంలో కాళ్లు చాపుకుని నాయనమ్మ లక్ష్మణమ్మ. సిరాబుడ్డి తెమ్మంటే తెచ్చి, ఇంకేం చెయ్యాలో తెలియక గోడవార నిలబడ్డ నీలవేణి. వాకిట్లో నాట్ల కూలికొచ్చిన చిన్నతల్లి, ఆమె జట్టు ఆడవాళ్లు పదకొండుమంది ఉన్నారు గానీ, వాళ్లని ఇంట్లోవాళ్ల కింద ఎవరూ లెక్కెయ్యరు.

ఉభాలు, అంటే వరినాట్లు, మొదలై మూడో రోజు. వాన ఆలస్యంగా పడడంతో నారు మడిలోనే ముదిరిపోతోంది. అలాంటప్పుడే సర్కారు కాగితం పంచాయితీకి వచ్చింది. పొలం కూలీలకి కనీసపు కూలి పెంచాలనుకుంటున్నాం, ఎవరేమంటారో రాసి పంపండి అని. రూపాయి పావలా ఉన్న ఆడకూలి రెండు రూపాయలవుతుందని సంతలో అందరిదీ అదే మాట.

"రెండు రూపాయలిచ్చీసినాక మరి అంబలెందుకు పొయ్యాల బావా?" అన్నాడు భీమశంకరరావు. "టిక్కెట్టు కొన్నోడికి బస్సోడు బువ్వెడతాడేటి?"

"ఒరే శంకరం, అంబలి మా అత్త నాటి నుంచీ పోస్తన్నాం. అది కూలిలో ఎప్పుడు కలిసిందిరా?" అంది లక్ష్మణమ్మ.

నరసింగరావు పైకప్పుకేసి చూస్తూ, "ఎరువు బస్తా ఎంతయిందో ఎవుడూ అడగడు. గింజ ఇంటికొస్తాదో రాదో ఎవుడూ అడగడు. పెంచమనడానికి మాత్రం అందరికీ నానే కనబడతాను," అన్నాడు. నాలుగు రోజుల నుంచీ ఇదే మాట. వినేవాళ్లు అలిసిపోయారు. అనేవాడు అంతకన్నా అలిసిపోయాడు.

వాకిట్లోంచి చిన్నతల్లి రైతునుద్దేశించి గొంతెత్తింది. "బుగతా! మొన్న ఎద్దులకి ఉలవలు పెంచినారు. అయి మహజరు రాసినాయేటి?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. నరసింగరావుకీ నవ్వొచ్చింది. అంతటితో పోవలసిందే. భీమశంకరరావు మాత్రం కూలీల పేరనే సర్కారుకి మహజరు పంపుదామంటూ తెల్లకాగితం నీలవేణి చేతిలో పెట్టి, "రాయే అమ్మీ, నీ అచ్చరాలు ముత్యాలు కదా," అన్నాడు.

అతను చెప్పాడు, ఆమె రాసింది. కూలీలమైన మేము వ్రాసుకొనునదేమనగా, మా రైతుగారు మధ్యాహ్నము అంబలి, ఆకు వక్క ఇచ్చి మమ్ములను కన్నబిడ్డలవలె చూచుచున్నారు. ఆ వాడుక ఎన్నటికీ తీసివేయరాదు. ఇప్పటి కూలియే మాకు చాలును, పెంచనవసరము లేదు.

"ఏటి రాసినారో సదువు పాపా," అంది చిన్నతల్లి అరుగు దగ్గరికొచ్చి.

నీలవేణి చదివింది. పదిమందిలో నోరు విప్పడమంటేనే ఆమెకి ప్రాణాంతకం. కన్నబిడ్డల దాకా ఎలాగో వచ్చింది. వాడుక తీసివేయరాదన్నదాకా వచ్చింది. తరవాతిది కూలి పెంచనవసరం లేదన్న వాక్యం. అది వదిలేసి, "ఇట్లు తమ విధేయులు" అనేసింది.

"అంటే అంబలి అలగే ఉంచి, రెండు రూపాయలూ ఇమ్మన్నట్టే కదా?"

నీలవేణి తల దించుకుంది. ఎవరు ఏమడిగినా ఆమె చేసేది అదే. చిన్నతల్లి దాన్ని అవుననడమే అనుకుంది.

దీపం మసి ఆముదంలో కలిపి ఆకు మీద ఉంచారు. ముందు చిన్నతల్లి బొటనవేలు, దాని కింద వరసగా పదకొండు. "మా మేనకోడలు సదివితే పంతులు కూడా దిగదుడుపే," అని నవ్వాడు భీమశంకరరావు కాగితం జేబులో పెట్టుకుంటూ. అతనికి అంతా తెలుసని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. తండ్రి ఇటు చూడనేలేదు.

ఆ రోజు మళ్లలోంచి పాట వినిపిస్తూనే ఉంది. మధ్యాహ్నం అంబలి మోసుకెళ్లినప్పుడు చిన్నతల్లి, "మా రాతగత్తె వొచ్చినాదర్రా, జరగండి," అని గట్టు మీద చోటిచ్చింది. నీలవేణి కూర్చోలేదు.

పొద్దు వాలుతుంటే ఎవరికీ చెప్పకుండా చిన్నతల్లి ఇంటికి వెళ్లింది. చిన్నతల్లి గుమ్మంలో కూర్చుని, నీళ్లకి పాచిన కాలివేళ్ల సందుల్లో ఆముదం రాసుకుంటోంది.

"ఏటి పాపా, ఈయేలప్పుడొచ్చినావు? అమ్మ పంపినాదా?"

నీలవేణి వదిలేసిన వాక్యాన్ని ఒక్క గుక్కలో చెప్పేసింది. చిన్నతల్లి చెయ్యి ఆగిపోయింది.

"మరి పొద్దున్న తలూపినావు."

"ఊపనేదు. దించుకున్నాను."

చిన్నతల్లి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మావ రేపు తొలి బస్సుకి పట్టుకెల్తాడు," అంది నీలవేణి. "నువ్వు ఇప్పుడే వొచ్చి మా నాన్నతో వొద్దని సెప్పు. నేను సెప్పానని సెప్పినా సరే."

"సెప్తాను. బుగత కాగితం సింపీసినాడే అనుకో. ఎల్లుండి నాట్లకి ఇంకో ఊరి జట్టుని పిలుస్తాడు. పదకొండు ఇళ్లలో పొయ్యి నానెలిగించాలా?"

"మరి రెండు రూపాయలు?"

"ఆ రెండు రూపాయలు తలుసుకునే పొద్దల్లా ఒంగినాం పాపా. నడుంనొప్పి తెలీనేదు." చిన్నతల్లి చేతికున్న ఆముదం కాలి మడమకి తుడుచుకుంది. "తెలీక ఏసిన ముద్దర నన్నేటీ అనదు. ఇప్పుడు తెలిసీ ఊరుకున్నదాన్నయిపోనాను. నీ బరువు దింపుకోడానికొచ్చి నా నెత్తినెట్టీసినావు."

"నేను కావాలని..."

"నువ్వు సెడ్డదానివి కావు. ఎల్లు. రేపు తెల్లారితే మల్లీ మీ మళ్లోకే దిగాల."

గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్లి, తాటాకు తలుపు నీలవేణి ముఖం ముందే దగ్గరికి లాగేసింది.