యాభై అయిదు నిమిషాల దూరం

"ఆ ఊరికి ఇక్కణ్ణుంచి డైరెక్ట్ ఫ్లైటు లేదు మేడమ్. ఎప్పుడూ లేదు."

ఎయిర్‌పోర్టు టికెట్ కౌంటర్లో అమ్మాయి నవ్వు మొహంతోనే చెప్పింది. అక్కకు ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు, పక్కన బ్యాగు పట్టుకుని నేలచూపులు చూస్తున్న తమ్ముడి మీద.

నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి చెల్లి ఫోన్ చేసింది. వచ్చే వారం అనుకున్న గుండె ఆపరేషన్ ఇవాళ్టికే ముందుకు జరిపారట. "నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటే తప్ప లోపలికి వెళ్లనక్కా" అంది. అది చిన్నప్పటి నుంచీ అంతే. సూదిమందుకైనా అక్క చెయ్యి ఉండాల్సిందే. తల్లి పోయాక ఇద్దర్నీ పెంచింది ఆ చెయ్యే మరి. హోటల్ లాండ్రీలో ఇస్త్రీ పని మధ్యలో వదిలేసి, అక్క రాత్రి రైలుకు బట్టలు సర్దుకుంది. అప్పుడు అడ్డుపడ్డాడు ఈ మహానుభావుడు.

"రాత్రంతా రైల్లో ఎందుకక్కా అవస్థ? పొద్దున్నే విమానమెక్కితే యాభై అయిదు నిమిషాలు. ఇదిగో, మా కంపెనీ వెబ్‌సైట్లోనే ఉంది" అంటూ ఫోను చూపించాడు. రెండు ఊళ్ల పేర్లు, మధ్యన ఒక గీత, కింద లావుపాటి అక్షరాల్లో ప్రయాణ సమయం. పైగా ఆ పేజీ తయారుచేసింది వాడే. అక్క నమ్మింది. రైలు వెళ్లిపోయింది.

"ఒరేయ్, విమానమే లేనప్పుడు ఆ యాభై అయిదు నిమిషాలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయిరా?"

"రెండు ఊళ్ల మధ్య దూరాన్ని విమానం వేగంతో భాగిస్తామక్కా. అన్ని పేజీలూ అంతే. విమానం ఉందా లేదా అన్నది మేం చూడం."

"చూడరా? మరి ఎవర్ని ఉద్ధరించడానికి పెట్టార్రా?"

"జనం వెతుకుతుంటారు కదా అని..."

జనం! అక్క కూడా ఆ జనంలోదేనని వీడి బుర్రకు తట్టనే లేదు. లైన్లో వాళ్లు తిరిగి చూశారు. చూస్తే చూశారు. వేరే ఊరి మీదుగా వెళ్తే చేరేసరికి చీకటి పడుతుందట. వాడి చేతిలో ఫోను లాక్కుంది అక్క, నేలకేసి కొడదామని.

కొట్టేలోగా మోగింది. చెల్లి.

"అక్కా, స్ట్రెచర్ తెచ్చేశారు. ఎక్కడున్నావ్?"

ఇంకా రాలేదని చెబితే అది వెళ్లనంటుంది, ఆపరేషన్ మళ్లీ ఎప్పటికో. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. అక్క గొంతు సవరించుకుంది.

"కిందే ఉన్నానే, లిఫ్టు దగ్గర. జనం ఎక్కువున్నారు. నువ్వు పద, వచ్చేస్తున్నా."

సరిగ్గా అప్పుడే నెత్తి మీద మైకు అందుకుంది. ప్రయాణికులకు విజ్ఞప్తి, ఏదో విమానం, ఏదో గేటు. అక్క ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది కానీ, అప్పటికే అంతా వినబడిపోయింది.



"లిఫ్టు దగ్గరేనా అక్కా?"

"లిఫ్టు దగ్గరేనే."

"సరే అయితే, వెళ్తున్నా. చెయ్యి దుప్పటి బయటే ఉంచుతాలే."

ఫోను ఆగిపోయింది. తమ్ముడు మెల్లగా బ్యాగు అందివ్వబోయాడు. అక్క తీసుకోలేదు. కౌంటర్ వైపు తిరిగి, ఆ వేరే ఊరి మీదుగానే రెండు టికెట్లు ఇమ్మంది.

"నేనెందుకక్కా?"

"అది కళ్లు తెరిస్తే ఎదురుగా నువ్వుండాలి. ఆ యాభై అయిదు నిమిషాలు ఎంత దూరమో దానికి నువ్వే చెప్పాలి."