వీరాయమ్మ కాళ్ళు చూసిన బ్యాంకాక్

ఐనవిల్లిలో ఎరువుల కొట్టు నడిపేది వీరాయమ్మ. బోర్డు మీద పేరు మాత్రం మొగుడు సుబ్రహ్మణ్యేశ్వరరావుది. పొద్దున్నే తాళం తీసి, రైతు పట్టుకొచ్చిన తెగులాకు అటూ ఇటూ తిప్పి చూసి మందు చెప్పేది ఆవిడే. ఆయనగారు పేపరు చదివి, పనుందని బయటికి పోతారు. ఎక్కడికెళ్ళేరని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. సాయంత్రం వీరాయమ్మ పాదాలు చూస్తే సరి; ఆయన తొక్కిందల్లా కొట్లో ఉన్న ఈవిడ కాళ్ళకే అంటుకుంటుంది. మలికిపురమైతే కొబ్బరి పీచు పొట్టు, కపిలేశ్వరపురమైతే లంక ఇసక. పెళ్ళైన మర్నాటినుంచీ అంతే. "కాళ్ళు కడుక్కోవే, అబ్బాయి ఏటిదాకా వెళ్ళేడు" అనేది అత్తగారు, బతికున్నన్నాళ్ళూ.

2003లో టార్గెట్టు దాటినందుకు కంపెనీవాళ్ళు కొట్టుకి ఒక బ్యాంకాక్ టిక్కెట్టిచ్చేరు. వీరాయమ్మకి వెళ్ళాలని ప్రాణం కొట్టుకుపోయింది. నోరు విడిచి అడిగింది కూడా.

"ఒక్కదానివీ ఏం వెళ్తావే, ఊరుకో" అన్నారాయన.

ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆయన పెట్టెలో ఆవకాయ సీసా సర్దింది.

ఆయన అక్కడ దిగింది రెండో శనివారం. స్కూలు లేదు కదాని పక్కింటి హన్నా టీచరుగారు అట్లాసు పట్టుకుని కొట్లోకొచ్చి కూర్చున్నారు. తొమ్మిదింటికి వీరాయమ్మ మడమలకి బంగారు రేకు తునకలు అంటుకున్నాయి.

"గుళ్ళోకెళ్ళేరండీ. అక్కడ దేవుడికి రేకులద్దుతారట" అన్నారు టీచరుగారు.

పదకొండింటికి చీలమండల దాకా తడి.

"నదండీ ఇది. మీవారు పడవెక్కేరు."

"ఈయనా? మన గోదారి దాటే పంటు ఎక్కాలంటేనే కళ్ళు మూసుకుంటారు కదండీ!"

మధ్యాహ్నానికి వేళ్ళ సందుల్లో బంతిరేకులు, చేపపొలుసులు, సంత బురద. యూరియాకొచ్చిన రైతులు బస్తాల మీద కూర్చుని మరీ చూసేరు. పిక్కలు లాగేస్తున్నా వీరాయమ్మ లేవలేదు. ఎప్పుడు ఏమంటుకుంటుందోనని ఆవిడకి అన్నం కూడా సయించలేదు.

ఆరింటికి ఫోను మోగింది.

"ఏమండీ, బాగా తిరిగేరా?"

"తిరగడమా, నా మొహమా! విమానంలో తిన్నది పడలేదు. పొద్దుట్నుంచీ మంచమే. ఈ గది గుమ్మం దాటితే ఒట్టు."

వీరాయమ్మ ఫోను పెట్టేసి, ఉన్నమాట చెప్పింది. హన్నా టీచరుగారు అట్లాసు మూసేరు.

"మరి ఇదంతా తిరిగిందెవరండీ?"

వీరాయమ్మ తన కాళ్ళకేసి చాలాసేపు చూసుకుంది.

"నేనేనండీ" అంది.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆ పూట కాళ్ళు కడుక్కోలేదు. సోమవారం కొట్టు తీయకుండా అమలాపురం వెళ్ళి పాస్‌పోర్టు ఫొటో దిగింది.

మరుసటేడు సింగపూరు టిక్కెట్టొచ్చింది. ఎవరి పేరు రాయమంటారని కంపెనీ అతనడిగితే, మొగుడు నోరు తెరిచేలోగా "వీరాయమ్మ" అంది.

ఆవిడ అక్కడ దిగిన రోజు సుబ్రహ్మణ్యేశ్వరరావు పొద్దున్నే స్నానం చేసి, వీధరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. తొమ్మిదింటికి స్కూలుకెళ్తూ హన్నా టీచరుగారు గేటు దగ్గర ఆగేరు.

"ఏమైనా అంటిందాండీ?"

"ఇంకా లేదండీ."

సాయంత్రం స్కూలునుంచి వస్తూ మళ్ళీ ఆగేరు. ఆయన ఏమీ అంటని పాదాలు రెండూ దగ్గరికి లాక్కుని పంచె కప్పుకున్నారు.