నీటికుక్కను చూసినవాడు

లెక్కింపు రోజున అభయారణ్యం గేటు దగ్గర సందర్శకులకు పెన్సిలూ, అట్టా, జంతువుల పేర్లున్న కాగితమూ ఇచ్చి లోపలికి పంపారు. కనబడిన ప్రతి జాతి పక్కన టిక్కు పెట్టాలి. సాయంత్రం కాపలాదారు అన్నీ సరిచూసి సంతకం చేయాలి. పంతొమ్మిదేళ్ళుగా అభయారణ్యంలోని వాగు వెంట తిరిగినవాడని ఆ పని అతనికే అప్పగించారు.

ఒకాయన కాకినే మూడు జాతులు చేశాడు. ఒకావిడ "పేరు తెలీదు, ముద్దుగా ఉంది" అని రాసింది. కాపలాదారు నవ్వుకుంటూ కొట్టేసుకుంటూ వచ్చాడు. ఒక బ్యాంకు ఉద్యోగి కాగితం దగ్గర అతని చెయ్యి ఆగింది. నీటికుక్క పక్కన టిక్కు.

నాలుగేళ్ళ క్రితం ఎగువన ఫ్యాక్టరీవాళ్ళు మోటార్లు పెట్టాక ఎండాకాలంలో వాగు అడుగంటింది. చేపలు పోయాయి, వాటి వెనకే నీటికుక్కలూ పోయాయి. ఆ సంగతి రాసి పైవాళ్ళకు పంపింది అతనే. ఆ ఒక్క అర్జీతోనే కొత్త మోటార్లకు అనుమతి ఆగిపోయింది.

బ్యాంకు ఉద్యోగి ఫోన్లో ఫొటో చూపించాడు. రెల్లుగడ్డిలో గోధుమరంగు వీపు, తడిసిన తోక.

"ముంగిసండీ. నీళ్ళు తాగడానికి దిగింది," అన్నాడు కాపలాదారు.

"అయ్యో, పిల్లలకి ఫోన్ చేసి చెప్పేశానే!" అని ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

ఆ టిక్కును కాపలాదారు కొట్టివేసిన సంగతి రేంజరు దాకా వెళ్ళింది. అతన్ని గదిలోకి పిలిచాడు.

"నువ్వక్కడ ఉన్నావా? లేవు కదా. మరెందుకు కొట్టేశావయ్యా?"

"అది నీటికుక్క కాదు సార్."

"ఈ ఏడు కొత్తగా ఒక్క జాతీ రాలేదు. ఏ మొహం పెట్టుకుని లెక్క పంపను?" రేంజరు గొంతు తగ్గించాడు. "మీ అమ్మాయి పర్మనెంటు ఫైలు నా టేబుల్ మీదే ఉంది. నేనెప్పుడైనా కాదన్నానా?"

కూతురు ఆరేళ్ళుగా అక్కడే టెంపరరీ గైడు. ఏటా కాంట్రాక్టు ముగిసే నెలలో అన్నం సహించేది కాదు ఆమెకు. కాపలాదారు పెన్సిలు తీసుకున్నాడు. కొట్టేసిన చోట మళ్ళీ టిక్కు పెట్టి, కింద సంతకం చేశాడు.

రెండు నెలలకు పైనుంచి ఉత్తరం వచ్చింది. నీటికుక్కలు ఉన్నట్టు సదరు కాపలాదారే ధ్రువీకరించినందున ఆయన పాత అభ్యంతరం చెల్లదనీ, కొత్త మోటార్లకు అనుమతి ఇస్తున్నామనీ అందులో ఉంది.

"ఇంత దూరం వస్తుందని నాకు తెలీదయ్యా, ఒట్టు," అన్నాడు రేంజరు. నిజమే అయ్యుండొచ్చు.

అదే వారం కూతురికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. అప్పటికే ఆ ఉత్తరం సంగతి ఆమె చెవిన పడింది. ఆర్డరు పట్టుకుని వాకిట్లోనే ఆగిపోయింది.

"నాన్నా, నీటికుక్కని నిజంగా నువ్వు చూశావా?"

"చూశానమ్మా."

"ఎక్కడ?"

"వాగు మలుపు దగ్గర."

ఆ మలుపులో ఆరేళ్ళుగా రోజుకి రెండుసార్లు నడిచిన మనిషి ఆమె. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ నెల నుంచి సందర్శకులను మలుపు దగ్గర నిలబెట్టి నీటికుక్కల గురించి చెప్పడం ఆమె డ్యూటీ అయింది. తప్పు లేకుండా చెప్పేది. ఎదురుగా తండ్రి వస్తూ కనబడితే మాత్రం, మధ్యలోనే ఆపేసి గుంపును ఇంకో దారిన తీసుకువెళ్ళేది.