పళ్ళకు తప్ప అన్నిటికీ

నేను ఒక పళ్ళపేస్టు ట్యూబును. పళ్ళకు రాసుకునేది కాబట్టి ఆ పేరు పెట్టారు. చదువు రానివాళ్ళ కోసం నా ఒంటి మీద మెరిసే పలువరుస బొమ్మ కూడా వేశారు. ఇంతకంటే నేనేం చేయగలను? గొంతు చించుకుని అరుద్దామంటే, ఉన్న ఒక్క నోటికీ మూత బిగించారు.

కోపంగా మాట్లాడుతున్నానేమో అనుకుంటున్నారా? అనుకోవడం దేనికి, కోపంగానే ఉన్నాను.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో సుద్దపొడి, నురగ వచ్చే మందు, పుదీనా ఘాటు కలిపి నాలో కూరారు. వెనకభాగాన్ని వేడి పెట్టి అతికించారు. లారీ ఎక్కి, సంత దాటి, సముద్రం పక్కన ఉప్పు మడులున్న ఒక ఊళ్ళో కిరాణా కొట్టుకు చేరాను. గౌరీసు అనే కుర్రాడు కొత్త పెళ్ళాం నూకరత్నం కోసం నన్ను కొన్నాడు. వంటింటి కిటికీలో పెట్టారు. అక్కడి నుంచి ఇల్లంతా కనబడుతుంది.

ఆ ఇంటి పెత్తనం గౌరీసు తల్లి చిన్నమ్మడుది. ఆవిడ పళ్ళకు వేపపుల్ల తప్ప ఇంకోటి తగలనివ్వదు. నేను మాత్రం ఆవిడ దృష్టిలో సర్వరోగ నివారిణిని. నాతో కాలి పట్టీలు తోమింది. గోడకు మేకు పీకిన బొక్క పూడ్చింది. కందిరీగ కుడితే రాసింది, చారు ఒలికి కాలు కాలితే రాసింది. రోజూ పొద్దున్న నూకరత్నం వేలెడు పేస్టు పళ్ళకు రాసుకున్నప్పుడే నా జన్మకు ఒక అర్థం ఉందనిపించేది. 

వైశాఖంలో ఉప్పు పని జోరందుకుంది. నూకరత్నం మొదటిసారి జట్టులో చేరింది. అక్కడి ఆడవాళ్ళందరూ చీర మీద మగవాళ్ళ పాత పొడుగు చేతుల చొక్కా వేసుకుని మడిలోకి దిగుతారు. చిన్నమ్మడు కొడుకు చొక్కా తీసి ఇచ్చింది. కొత్త కోడలికి సిగ్గేసింది. మొగుడి చొక్కా వేసుకుని ఊళ్ళోంచి నడవడమేమిటని అత్త చూడకుండా దాన్ని మళ్ళీ మేకుకు తగిలించి వెళ్ళిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. చెప్పానుగా, నా నోటికి మూత.

ఉప్పు మడిలో ఎండ పైనుంచి మాత్రమే రాదు. తెల్లటి ఉప్పు మీద, నీళ్ళ మీద పడి మళ్ళీ కిందనుంచి కొడుతుంది. మధ్యాహ్నానికి ఇల్లు చేరిన పిల్ల సాయంత్రానికి చెయ్యి పైకి ఎత్తలేకపోయింది. మెడ, భుజాలు, ఆఖరికి గడ్డం కింద కూడా మంట. 

"మండిపోతందత్తా," అంది.

చిన్నమ్మడు తేరిపార చూసింది. నల్లటి ఒళ్ళు, ఎరుపేమీ కనబడలేదు. సరిగ్గా అప్పుడే జట్టు మేస్త్రి గుమ్మంలోకి వచ్చాడు, చంకలో గొడుగుతో. సంగతి విని నవ్వాడు.

"నల్ల ఒంటికి ఎండేటి సేత్తాది? ఎండకి కందిపోడాలన్నీ తెల్లటోల్లకి. రేపు రాపోతే దాని సోటుకి ఇంకోలొత్తారు, ఆనక నన్నని లాబం లేదు."

నాలో ఉన్నది పేస్టు కాబట్టి సరిపోయింది, రక్తమైతే సలసల మరిగేది.

వాడు వెళ్ళాక చిన్నమ్మడు కోడలి భుజం మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. పొయ్యి మీది పెనంలా ఉంది. భయంలో ఆవిడకు గుర్తొచ్చే మందు ఒక్కటే. నేనే. మెడకు, భుజాలకు దండిగా పట్టించింది.

"సల్లగుందా?"

"సల్లగుందత్తా."

ఆ చల్లదనం పుదీనా ఘాటు చేసే మాయ. లోపలి వేడి ఎక్కడికీ పోలేదు. కాసేపటికి నేను ఎండి, బీటలు వారి, ఆ లేత చర్మాన్ని లాగడం మొదలుపెట్టాను. తెల్లారేసరికి పొక్కులు లేచాయి. అట్టకట్టిన నన్ను కడగబోతే ఒక పొక్కు చిరిగింది. ఆ పిల్ల పెట్టిన కేక ఇంకా నాకు వినబడుతోంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారు. ఆ రోకలి నేనే. నాకు లోకం మీద ఎంత కోపముందో నా మీద అంతకు రెట్టింపు ఉంది.

చిన్నమ్మడు పరుగున వెళ్ళి ఆశా కార్యకర్త జగదీశ్వరిని తీసుకొచ్చింది.

"ఎవలు రాసినారిది?"

"నానేనమ్మా."

"పేస్టెట్టి పిల్ల ఒల్లు పాడుసేసినావు కదే పిన్నీ! నల్ల తోలు కాలదని ఎవుడు సెప్పినాడు? ఎర్రగా కనపడదు గానీ కాలుద్ది. పట్టుకు సూడు, ఎలాగుందో."

తరవాత ఆవిడ చెప్పిన ప్రతి మాటా నేను చెవులు రిక్కించి విన్నాను. పాత పంచె ముక్క చల్లటి నీళ్ళలో తడిపి పావుగంట వెయ్యమంది, రోజుకు నాలుగైదు సార్లు. ఐసు పెట్టవద్దంది. నూనె, వెన్న, పేస్టు ఏవీ తగలకూడదంది. పొక్కులు గిల్లవద్దంది. వేడి తగ్గాక పుండు చుట్టూ కలబంద రాయవచ్చంది. చిరిగిన చోట మెల్లగా కడిగి శుభ్రమైన గుడ్డ కప్పమంది. నీళ్ళు, మజ్జిగ బాగా తాగాలి. జ్వరమొచ్చినా, చీము పట్టినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. "పుండు మానీదాకా, పది రోజులు ఎండలోకి ఎల్లకూడదు," అంది.

పది రోజులు! జట్టులో చోటు పోతే ఈ కాలానికి మళ్ళీ దొరకదు. ఆ పుండు మీద ఉప్పు తట్ట మోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులతో చిన్నమ్మడు మడికి వెళ్ళడం మానేసి రెండేళ్ళయింది. లేచి మేకుకున్న చొక్కా తీసి తొడుక్కుంది.

"దాని సోట్లో నానొచ్చినాను. కాదంతావేటి?" అని మేస్త్రిని అడిగిందట.

ఆ పది రోజులూ నేను కిటికీలోంచి చూశాను. రెండో రోజు మంట మరీ ఎక్కువైంది. మూడో రోజుకు వేడి తగ్గింది. అప్పుడు జగదీశ్వరి చెప్పినట్టు పుండు వదిలేసి చుట్టూ కలబంద గుజ్జు రాశారు. ఆరో రోజుకు చర్మం ఉల్లిపొరలా లేచింది. గౌరీసు అది చూసి సరదాపడి లాగబోతే నూకరత్నం వాడి చెయ్యి మీద ఒక్కటిచ్చింది. దానంతట అదే ఊడితేనే కింద కొత్త చర్మం నిలుస్తుంది. చిరిగిన పొక్కు చోట మాత్రం రూపాయి బిళ్ళంత నల్లమచ్చ మిగిలింది. అది నా సంతకం. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎనిమిదో రోజు చిన్నమ్మడు పని నుంచి వచ్చి కూలబడింది. తడి తగులుతుందని చొక్కా చేతులు పైకి మడిచిందట. మోచేతుల కింద చుర్రుమంటోంది. అలవాటుగా చెయ్యి చాచి నన్ను అందుకుంది, మూత తిప్పింది. ఆవిడ ఇంకా మారలేదని నేను ఏడవబోతుంటే నూకరత్నం ఆ చెయ్యి పట్టుకుంది.

"అది పళ్ళకత్తా."

పుట్టినప్పటి నుంచి నేను అరవాలనుకున్న మాట. ఇంత చిన్న మాట.

నన్ను కిటికీలో పెట్టేసి, తడి పంచె ముక్క అత్త చేతులకు చుట్టింది. చిన్నమ్మడు కాసేపు కళ్ళు మూసుకుంది. "నాకెన్ని పల్లున్నాయే, ఆరు!" అని నవ్వింది. 

తరవాత ఎంత పిండినా నాలోంచి ఏమీ రాకపోయాక కత్తెరతో నడుము దగ్గర కోశారు. మిగిలిన ఆఖరి పేస్టు చిన్నమ్మడు వేలితో తీసి ఆ ఆరు పళ్ళకూ రాసుకుంది. ఘాటుగా ఉందని తిట్టింది కూడా. తిట్టనివ్వండి.

ఇప్పుడు ఉప్పు మడుల దారి పక్కన చెత్తకుప్పలో ఉన్నాను. ఎండకు నా మీది పలువరుస బొమ్మ వెలిసిపోతోంది. పొద్దున్నే జట్టు ఇటుగా వెళ్తుంది. నూకరత్నం చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకుని నడుస్తుంది. జట్టు వెనక మేస్త్రి వస్తాడు. వాడి రంగు దగ్గర నుంచి చూశాను, నూకరత్నం కంటే ఒక పిసరు నలుపే. గొడుగు మాత్రం వాడొక్కడి చేతిలోనే ఉంది.