క్లాసు నిండా అక్కలూ అన్నలూ

మధ్యాహ్నం ఆస్పత్రి లాండ్రీలో డ్యూటీ దిగి, రెండు బస్సులు మారి స్కూలుకి చేరేసరికి నా కాళ్ళు నావి కావు. తెల్లవారుజామున ఐదింటి నుంచి దుప్పట్లు మడతపెట్టిన చేతులు. ఆ చేతుల్లో టీచరు పంపిన చీటీ: "మీ అమ్మాయి విషయం మాట్లాడాలి, రండి." మంచి విషయం మాట్లాడ్డానికి ఎవరూ చీటీ రాసి పిలవరు. ఆ మాత్రం నాకూ తెలుసు.

టీచరు నన్ను పిల్లల కుర్చీలో కూర్చోబెట్టింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఆవిడకి జలుబు. ముక్కు తుడుచుకుంటూ మా బుడ్డిదాని పుస్తకం తెరిచింది. మా అమ్మాయిని ఇంటా బయటా బుడ్డి అనే అంటారు. దాని అక్షరాలు గీత మీద నిలబడకుండా చీమల్లా ఎటు పడితే అటు పోతున్నాయి.

"రాత సంగతి సరేనమ్మా, అడిగితే నోరే విప్పదు. ఏది అడిగినా పక్కవాళ్ళ మొహం చూస్తుంది. ఇన్ని నెలలూ చూశాను. ఇంకో ఏడాది ఒకటో తరగతిలోనే ఉంచితే మంచిది," అని ఒక కాగితం నా ముందుకు జరిపింది. "మీ సంతకం ఇక్కడ."

తప్పు నాదే.

మా బుడ్డి వేసవి సెలవుల చివర్లో పుట్టింది. స్కూల్లో చేర్చుకునే ఆఖరి తేదీకి మూడంటే మూడు రోజుల ముందు. ఆఫీసు గుమస్తా అప్పుడే అన్నాడు, మరీ పసిది, ఇంకో ఏడాది ఆగండమ్మా అని. నేను ఆగితేగా! ఆయన ప్రాణం తోడేసి చేర్పించాను. చదువు మీద ప్రేమ అనుకునేరు. పిల్లని చూసుకునే దిక్కులేక. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మా ఆయనకి వ్యాను డ్యూటీ. నాతో తీసుకెళ్తే వేడి దుప్పట్ల మీద హాయిగా నిద్రపోయేది. ఒకరోజు సూపర్‌వైజర్ చూసి, ఇది ఉయ్యాల కాదు, లాండ్రీ అంది. అందుకని మూడు రోజుల తేడాతో ఏడాది కలిసొచ్చిందని అప్పట్లో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆ ఏడాదే ఇప్పుడు కాగితమై నా ముందు కూర్చుంది.

"మీ కళ్ళతో మీరే చూడండి," అని టీచరు కిటికీ దగ్గర నించున్న బుడ్డిని దగ్గరికి పిలిచింది. వెనక బల్ల దగ్గర ఒక పొడుగుపిల్ల వాళ్ళమ్మ కోసం చూస్తూ సంచి సర్దుకుంటోంది. మా దానికంటే ఒక తల ఎత్తు. ఇద్దరిదీ ఒకటే క్లాసంటే నేనే నమ్మను.

"బుడ్డీ, పదమూడులోంచి ఐదు తీసేస్తే ఎంత?"

బుడ్డి మెల్లిగా తల తిప్పి పొడుగుపిల్ల వైపు చూసింది. టీచరు నావైపు చూసింది. నేను నేల వైపు చూశాను. పెన్ను తీసి సంతకం పెట్టేద్దామనిపించింది. నిజం చెప్తున్నాను, ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుంటే చాలనిపించింది.

ఈలోగా పొడుగుపిల్లని వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళింది. తలుపు మూసుకుంది.

"ఎనిమిది," అంది బుడ్డి.

టీచరు రుమాలు ముక్కు దగ్గరే ఆగిపోయింది. "ఇందాకే చెప్పొచ్చుగా?"

"అక్క ఉందిగా. పెద్దవాళ్ళు చెప్పాక చెప్పాలి. మా అమ్మ చెప్పింది."

చెప్పాను. ముమ్మాటికీ నేనే చెప్పాను. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదనీ, అక్కా అన్నా అనాలనీ, వాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదనీ. మర్యాద నేర్పానని మురిసిపోయాను కూడా.

"క్లాసులో నీకెంతమంది అక్కలూ అన్నలూ?" అని అడిగింది టీచరు.

"అందరూ," అంది బుడ్డి, అంత తెలియదా అన్నట్టు.

టీచరు హాజరు పట్టీ తీసి పుట్టినరోజుల మీద వేలు పెట్టి పైనుంచి కిందిదాకా వచ్చింది. ఇరవై ఏడుగురిలో మా బుడ్డే ఆఖరు. పొడుగుపిల్ల దానికంటే పదకొండు నెలలు పెద్దది.

"రాదనుకున్నానమ్మా. వంతు కోసం ఆగుతోందనుకోలేదు," అంది టీచరు. అప్పుడు ఆవిడ కూడా నాలాగే అలిసిపోయి కనబడింది. "రాతకి చెయ్యి ఇంకా కుదరలేదు, అది వయసుతో వస్తుంది. రేపట్నుంచి ముందు దీన్నే అడుగుతాను. ఇంకా రెండు నెలలుంది. అప్పటికీ నోరు విప్పకపోతే మాత్రం సంతకం తప్పదు. ఇంట్లో ఆ అక్కల సంగతి మీరు చూడండి."

బస్టాపుకి నడుస్తూ చెప్పాను. "రేపట్నుంచి క్లాసులో అక్కా లేదు, అన్నా లేదు. అందర్నీ పేర్లతో పిలువు. తెలిస్తే నువ్వే ముందు చెప్పెయ్."

బుడ్డి నడక ఆపి నా కొంగు పట్టుకుంది. "మరి వాళ్ళు చెయ్యకపోతే?"

"ఏం చెయ్యకపోతే?"

"నా బూట్ల లేసులు అక్కలే కదా కడతారు. నీళ్ళసీసా మూత అన్న తీస్తాడు."

పొద్దున నేను బయల్దేరేటప్పటికి అది నిద్రలో ఉంటుంది. వాళ్ళ నాన్న ఏదో ఒక ముడేసి స్కూలు గేటు దగ్గర దింపేస్తాడు. ఆ ముడి పది అడుగులు కూడా ఆగదని నాకేం తెలుసు? ఇప్పుడు కూడా ఎడమ కాలి లేసు మట్టిలో ఈడ్చుకుంటూ వస్తోంది. నా పిల్లని ఇన్నాళ్ళూ ఇంకొకళ్ళ పిల్లలు పెంచుతున్నారు. ఏడుపొచ్చింది.

బస్టాపులో బల్ల మీద కూర్చోబెట్టి, ఒకసారి కట్టి చూపించి, విప్పేశాను. "ఇప్పుడు నువ్వు."

బుడ్డి నాలుక బయటపెట్టి మొదలెట్టింది. లేసుకి ఒక చెవి నిలబెట్టేసరికి ఇంకో చెవి జారిపోతోంది. మళ్ళీ కట్టింది. మళ్ళీ జారింది. అంతలో మా బస్సు మలుపు తిరిగింది. అది పోతే ఇంకోటి నలభై నిమిషాలకి. నా చేతులు వాటంతటవే లేసు మీదకి వెళ్ళాయి. వెనక్కి లాక్కుని తొడల కింద పెట్టుకున్నాను.

"అమ్మా, బస్సొచ్చింది! నువ్వు కట్టెయ్!"

"పోనీ," అన్నాను. "నువ్వు కట్టు."